మీకు తెలుసా? మెడలో స్టెతస్కోపు, ముఖాన రంగు!

మయూర్ విహార్-1 మెట్రో స్టేషన్‌లో నిలబడి ఓ చిన్న లెక్క వేయండి. బ్లూ లైన్ రైలెక్కితే మండీ హౌస్ ఎన్నో స్టేషనో తెలుసా? సరిగ్గా 5వది! నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా అక్కడే. శ్రీరామ్ సెంటర్ అక్కడే. కమానీ ఆడిటోరియం అక్కడే. ఢిల్లీ నాటకానికి గుండెకాయ అదే!

ఇప్పుడు అదే స్టేషన్‌లో పింక్ లైన్ ఎక్కండి. ఐఎన్ఏ దగ్గర దిగి ఎల్లో లైన్‌లోకి మారండి. ఎయిమ్స్ 7వ స్టేషన్! చూశారా! ఒకే గుమ్మం నుంచి అటు వెళ్తే నాటకం, ఇటు వెళ్తే వైద్యం!

ఓ సాయంత్రం ఆ ప్లాట్‌ఫారం మీదే ఒక అమ్మాయిని చూశాను. తెల్లకోటు మడిచి చేతి మీద వేసుకుంది. బ్యాగు జిప్పులోంచి స్టెతస్కోపు గొట్టం తొంగిచూస్తోంది. చేతిలో 4 జిరాక్స్ కాగితాలు. కొన్ని మాటల కింద పెన్సిల్ గీతలు. పెదాలు కదులుతున్నాయి, గొంతు మాత్రం బయటికి రావడం లేదు. పాఠం కాదు, డైలాగులు! రైలు వచ్చింది. ఏ లైన్ ఎక్కిందో చెప్పనా? బ్లూ లైన్! ఆ రోజు నుంచి ఇలాంటివాళ్ల కబుర్లు పోగేస్తూనే ఉన్నాను. ఎన్ని దొరికాయో చూడండి!

ముందు ఒక మాట గురించి చెప్పాలి. సినిమా ఆడే చోటు థియేటర్. ఆపరేషన్ చేసే చోటూ థియేటరే! ఎందుకు? ఒకప్పుడు ఆపరేషన్‌ని కూడా జనం నిలబడి చూసేవారు కాబట్టి! లండన్‌లో 1822 నాటి ఆపరేషన్ థియేటర్ ఇప్పటికీ ఉంది. అది ఓ చర్చి అటక మీద ఉంది! మధ్యలో ఒక చెక్కబల్ల. చుట్టూ గుర్రపునాడా ఆకారంలో మెట్లు. మెట్ల నిండా విద్యార్థులు. మత్తుమందు ఇంకా రాలేదు. డాక్టరు కత్తి పట్టేది అంతమంది కళ్ల ముందే!

ఇంకా వెనక్కి వెళ్దాం. గ్రీసులో ఎపిడారస్ అనే ఊరుంది. వైద్యదేవుడు అస్క్లిపియస్ గుడి అక్కడే. రోగులు నయం కావాలని వెళ్లేవారు. ఆ గుడి ఆవరణలోనే ఓ రంగస్థలం! ఎంతమంది పడతారనుకుంటున్నారు? సుమారు 14,000 మంది! ఆసుపత్రి లాంటి గుడిలో అంత పెద్ద నాటకశాల! వేసవిలో అక్కడ ఇప్పటికీ నాటకాలు ఆడుతున్నారు!

మన నాట్యశాస్త్రం తక్కువ తిన్నదా? అందులో సాత్త్విక భావాలు 8. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. మామూలు మాటల్లో చెప్పుకుందాం. కదలకుండా బిగుసుకుపోవడం, చెమట పట్టడం, ఒళ్లు గగుర్పొడవడం, గొంతు మారిపోవడం, వణుకు, ముఖం పాలిపోవడం, కన్నీళ్లు, స్పృహ తప్పడం. ఇది నటుడి జాబితానా? రోగిని చూడగానే డాక్టరు వెతికే జాబితానా? రెండూనండీ! ఈ పోలిక తట్టిన రోజు నాకు నిద్ర పట్టలేదు!

ఆ భావాలు నేర్చుకున్న మెడికల్ విద్యార్థిని ఒకరు ప్రపంచాన్నే గెలిచారు! మానుషి ఛిల్లర్! హర్యానాలోని సోనీపట్ జిల్లాలో ఎంబీబీఎస్ చదువుతుండగానే 2017లో మిస్ వరల్డ్ కిరీటం! తర్వాత సినిమాలు. మరి ఆమెకు నాట్యం ఎవరు నేర్పారో తెలుసా? మన కూచిపూడి దంపతులు రాజా, రాధా రెడ్డి! ఢిల్లీలో స్థిరపడిన తెలుగు గురువులు! ఆ కిరీటం వెనక మన మువ్వల చప్పుడు కూడా ఉందన్నమాట!

ఇదే కిరీటం 1966లో మరో మెడికల్ విద్యార్థిని గెలిచింది! పేరు రీటా ఫారియా. ఊరు బొంబాయి. ఆసియా నుంచి మిస్ వరల్డ్ అయిన తొలి మహిళ ఆవిడే! కెమెరాలన్నీ ఆమె వైపే. ఆవిడ మాత్రం రంగుల లోకాన్ని వద్దనుకుని పుస్తకాల వైపు నడిచింది. చదివి డాక్టరైంది! రెండు దారులూ తెరిచి ఉన్నప్పుడు ఒకదాన్ని ఎంచుకోవడం కూడా గొప్ప ధైర్యమే!

రెండు చదువులూ పూర్తిగా చదవాలంటే ఎన్నేళ్లు పడుతుంది? హౌస్ సర్జన్సీతో కలిపి ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు. నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో మూడేళ్లు. మొత్తం ఎనిమిదిన్నరేళ్లు! ఒకటో తరగతిలో చేరిన పిల్లాడు తొమ్మిదికి వచ్చేస్తాడు! అందుకే చాలామంది రెండోది స్టేజీ మీదే నేర్చుకుంటారు.

ఇంకో ముచ్చట! ఎయిమ్స్ పుట్టింది 1956లో. డ్రామా స్కూలు పుట్టింది 1959లో. తేడా 3 ఏళ్లే! దేశానికి డాక్టర్లూ కావాలి, నటులూ కావాలి అని ఇంచుమించు ఒకేసారి అనుకున్నారన్నమాట!

ఇప్పుడు మయూర్ విహార్ ఉన్న ఒడ్డునే, యమునకు తూర్పున, దిల్షాద్ గార్డెన్‌కు వెళ్దాం. అక్కడ యూనివర్సిటీ కాలేజ్ ఆఫ్ మెడికల్ సైన్సెస్ ఉంది. పక్కనే గురు తేగ్ బహదూర్ ఆసుపత్రి. ఆ కాలేజీలో 2009లో ఒక బృందం మొదలైంది. పేరు మెడికల్ హ్యుమానిటీస్ గ్రూప్. వాళ్లు మెడికల్ విద్యార్థుల చేత ఏం చేయించారో తెలుసా? నాటకాలు! మామూలు నాటకాలు కూడా కావు. థియేటర్ ఆఫ్ ది అప్రెస్డ్ అని బ్రెజిల్‌లో అగస్తో బోల్ మొదలుపెట్టిన పద్ధతి!

అది ఎలా ఆడతారో చెబితే ఎగిరి గంతేస్తారు. ఓ కుర్చీ. అందులో డాక్టరు పాత్ర. తల వంచుకుని చీటీ రాసేస్తున్నాడు. ఎదురుగా రోగి పాత్ర. కొంగు నలుపుతూ నిలబడింది. ఏదో చెప్పబోయింది. డాక్టరు తల ఎత్తలేదు. మళ్లీ నోరు తెరిచింది. చీటీ చేతికొచ్చేసింది! అంతలో ప్రేక్షకుల్లోంచి ఒకరు "ఆపండి!" అని అరుస్తారు. లేచి స్టేజీ ఎక్కుతారు. రోగి స్థానంలో నిలబడి, "డాక్టరుగారూ, ఒక్కసారి నా వైపు చూడండి" అంటారు. కథ మారిపోతుంది! చూసేవాళ్లూ లేరు, ఆడేవాళ్లూ లేరు, నూటికి నూరుమందీ నటులే! నన్నడిగితే ప్రతి మెడికల్ కాలేజీలోనూ ఇది ఆడించాలి. రేపు ఆ కుర్చీలో నిజంగా కూర్చోబోయేది ఆ పిల్లలేగా!

నటుల్ని రోగుల్లా కూర్చోబెట్టి డాక్టర్లకు పాఠం చెప్పొచ్చని మొదట తట్టింది ఎవరికి? అమెరికాలో హోవర్డ్ బారోస్ అనే నరాల డాక్టరుకి! సంవత్సరం 1963! జబ్బు లేదు, జబ్బు లక్షణాలు మాత్రం అచ్చంగా చూపిస్తారు. విద్యార్థి పరీక్ష చేస్తాడు. అయ్యాక ఆ "రోగి" లేచి, విద్యార్థి ఎలా మాట్లాడాడో చెబుతాడు! నేడు ప్రపంచమంతా ఈ పద్ధతి ఉంది!

దిల్షాద్ గార్డెన్ కాలేజీ అన్నాను కదా! అక్కడే ఎంబీబీఎస్ చదివిన కుర్రాడు ఒకడు దేశాన్ని ఊపేశాడు! పలాష్ సేన్! యుఫోరియా బ్యాండ్ గాయకుడు. "ధూమ్" ఆల్బమ్ 1998లో వచ్చింది. నాలుగేళ్లకు "ఫిల్‌హాల్" సినిమాలో వేషం కూడా వేశాడు! డాక్టరు, గాయకుడు, నటుడు. ఒక్క మనిషే!

ఎయిమ్స్‌కు రోడ్డు అవతల సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి. అక్కడ నర్సింగ్ చదివిన అమ్మాయి శిఖా మల్హోత్రా. సినిమాల్లోకి వెళ్లింది. కథానాయికగా చేసిన "కాంచ్లీ" 2020 ఫిబ్రవరిలో విడుదలైంది. మార్చిలో లాక్‌డౌన్! ఆ పిల్ల ఏం చేసింది? ముంబై ఆసుపత్రికి వెళ్లి నర్సు డ్యూటీలో చేరిపోయింది! అదీ కరోనా వార్డులో! స్వచ్ఛందంగా! తర్వాత ఆమెకూ కరోనా సోకింది. పక్షవాతమూ వచ్చింది. పోస్టరు మీద పేరు పడ్డ నెలకే పీపీఈ కిట్టు తొడుక్కున్న మనిషి! చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది!

సరే, ఇక మన ఇంటి ముచ్చట్లు! "రెండు పడవల మీద కాళ్లు పెట్టకు" అని మన పెద్దలు అంటారా? తెలుగు తెర పుట్టిన కొత్తలోనే ఆ రెండు పడవలూ నడిపేసినవాళ్లున్నారు!

"కన్యాశుల్కం" సినిమాలో లుబ్ధావధాన్లు గుర్తున్నాడా? ఆ పీనాసి ముసలాయన వేషం కట్టిన గోవిందరాజుల సుబ్బారావు నిజ జీవితంలో డాక్టరు! అప్పటికి ఆయన వయసు 60! "మాలపిల్ల"లో సుందరరామశాస్త్రి ఆయనే. "పల్నాటి యుద్ధం"లో బ్రహ్మనాయుడూ ఆయనే. ఆ నడక, ఆ దగ్గు, ఆ చూపు చూడండి. ఎంతమంది ముసలివాళ్ల నాడి పట్టుకుని చూసి ఉంటాడో కదా అనిపిస్తుంది!

ప్రజానాట్యమండలి పేరు వినగానే గుర్తొచ్చే మనిషి గరికపాటి రాజారావు. ఆయనా డాక్టరే! ఊరూరా నాటకం మోసుకెళ్లిన డాక్టరు! 1953లో "పుట్టిల్లు" సినిమా తీశాడు. ఆ ఒక్క సినిమాతో ఎవరెవరు తెర మీదికొచ్చారో తెలుసా? జమున! ఇంకొకరు? అల్లు రామలింగయ్య!

ఆగండి, అసలు రహస్యం ఇంకా ఉంది! ఆ అల్లు రామలింగయ్య కూడా వైద్యుడే! హోమియో వైద్యం! పాలకొల్లు మనిషి. వేసిన సినిమాలు 1,000 పైమాటే! అన్ని కాల్షీట్ల మధ్య కూడా మందుల పెట్టెను వదల్లేదు. మనల్ని నవ్వించిన చేత్తోనే మందు బిళ్లలు ఇచ్చాడు!

రాజమండ్రిలో ప్రభుత్వ హోమియో వైద్య కళాశాల ఉంది. దాని పేరేమిటో తెలుసా? డాక్టర్ అల్లు రామలింగయ్య ప్రభుత్వ హోమియో వైద్య కళాశాల! ఒక హాస్యనటుడి పేరు మెడికల్ కాలేజీ బోర్డు మీద! ఆయనకు 1990లో పద్మశ్రీ వచ్చింది. ఆ బోర్డు అంతకంటే పెద్ద బిరుదని నా నమ్మకం. పిల్లలు రోజూ ఆ పేరు కిందుగానే క్లాసుకు వెళ్తారు మరి!

తుంగతుర్తి నుంచి ఇంకో డాక్టరు. ఎం. ప్రభాకర్ రెడ్డి! ఉస్మానియాలో ఎంబీబీఎస్. తొలి సినిమా 1960లో వచ్చిన "చివరకు మిగిలేది". ఆ కథ ఎక్కడ జరుగుతుందో ఊహించండి. ఆసుపత్రిలో! సావిత్రి అందులో నర్సు! చదువు అయీ కాకుండానే డాక్టరుగారు మళ్లీ ఆసుపత్రికే చేరారు, ఈసారి కెమెరా ముందు!

ఆ తర్వాత ఆయన 400 పైచిలుకు సినిమాల్లో కనిపించాడు! జమీందారు, పోలీసు, విలను, తండ్రి. ఏ వేషమైనా సరే! హైదరాబాద్ మణికొండ వైపు వెళ్తే చిత్రపురి కాలనీ కనిపిస్తుంది. సినిమా కార్మికుల ఇళ్లు. ఆ కాలనీకి ఎవరి పేరు పెట్టారో తెలుసా? డాక్టర్ ఎం. ప్రభాకర్ రెడ్డి పేరే! లైట్‌బాయ్‌లూ, మేకప్‌మెన్లూ ఉంటున్న గడపల మీద ఒక డాక్టరు పేరు!

బాపట్లలో కొర్రపాటి గంగాధరరావు. రోగుల్ని చూసే డాక్టరు. నటుడు, దర్శకుడు కూడా. ఆయన రాసిన నాటకాలు, నాటికలు ఎన్ని? 100 దాటాయి! పరిషత్తు పోటీల్లో ఆయన నాటిక ఆడని ఊరు అరుదు. పగలు చీటీ మీద మందులు, రాత్రి కాగితం మీద మాటలు!

"అంకుశం" చూశారా? 1989! ఖాకీ చొక్కాలో కళ్లెర్ర చేసిన ఆ ఇన్‌స్పెక్టరు! రాజశేఖర్ పేరు ముందు "డాక్టర్" అని ఉంటుంది. అది సన్మానంలో వచ్చింది కాదు. చదివి సంపాదించుకున్నది! ఎంబీబీఎస్ చేసి, మద్రాసులో ప్రాక్టీసు పెట్టి, ఆ తర్వాతే కెమెరా ముందుకొచ్చాడు!

మరి ఆ ఇన్‌స్పెక్టరు గొంతు? అది రాజశేఖర్‌ది కాదు! సాయికుమార్‌ది! మనం విజిల్ వేసింది ఒక్క మనిషిని చూసి కాదు, ఇద్దర్ని చూసి! చూపు డాక్టరుది, గర్జన ఇంకొకరిది!

ఆ ఇంట్లో రెండో తరం కూడా ఇదే దారి! కూతురు శివానీ రాజశేఖర్ మెడిసిన్‌లో చేరింది. 2021లో "అద్భుతం"తో తెర మీదికీ వచ్చింది! నాన్న నడిచిన రెండు దారులూ కూతురికి ఇంట్లోనే తెలుసు!

సాయిపల్లవి సంగతి చాలామందికి తెలుసు. అయినా ఈ ముక్క వినండి. జార్జియా దేశంలోని టిబిలిసిలో మెడిసిన్ చదువుతుండగానే "ప్రేమమ్" సినిమా! 2015! మలర్ టీచర్‌గా దక్షిణాది అంతా ఆమె పేరే జపించింది. అటు నిజంలో ఆమె విద్యార్థిని, ఇటు తెర మీద లెక్చరర్! మరుసటి ఏడాది డిగ్రీ చేతికొచ్చింది!

2017లో "ఫిదా". బాన్సువాడ భానుమతి! అందులో డాక్టరు చదువు ఎవరిది? హీరో వరుణ్ తేజ్ పాత్రది! అసలైన డాక్టరమ్మ ఏమో వ్యవసాయం చదివిన పల్లెటూరి పిల్ల! తెల్లకోటు మారిపోయింది, మనం ఒక్కరం కూడా గమనించలేదు!

"గుంటూరు కారం" ఎన్నిసార్లు చూశారు? 2024 సంక్రాంతి సినిమా! అందులో ఇద్దరు అమ్మాయిలు. శ్రీలీల ఎంబీబీఎస్ బాట పట్టిన అమ్మాయి. వాళ్లమ్మ కూడా స్త్రీల డాక్టరే! మీనాక్షి చౌదరి దంతవైద్యం చదివింది. ఒకే సినిమాలో, ఒకే హీరో పక్కన, ఇద్దరూ వైద్యం పుస్తకాలు తిరగేసినవాళ్లే! మిరపకాయ ఘాటు సినిమాకు మందు కూడా దగ్గరే ఉందన్నమాట!

"మా ఊరి పొలిమేర" చూసి భయపడ్డారా? 2021లో వచ్చింది. అందులో పల్లెటూరి ఇల్లాలిగా చేసిన కామాక్షీ భాస్కర్ల నిజంగా డాక్టర్! అంతకు ముందు ఏడాది "ఉమా మహేశ్వర ఉగ్రరూపస్య"లో నవ్వు చిందించిన రూప కొడువాయూర్ కూడా అంతే. వైద్యం చదివిన పిల్లే! మనం పక్కింటి అమ్మాయిలనుకున్నాం. నిజానికి పక్క వార్డు డాక్టర్లు!

"తమ్ముడు"లో పవన్ కళ్యాణ్ వెంటపడ్డ లవ్లీ గుర్తుందా? 1999! ఆ పాత్ర చేసిన అదితి గోవిత్రికర్ కూడా ఎంబీబీఎస్! బొంబాయి గ్రాంట్ మెడికల్ కాలేజీ! తర్వాత మిసెస్ వరల్డ్ కూడా అయింది!

"ఈనాడు"లో కమల్ హాసన్, వెంకటేశ్ నడుమ మెరిసిన యువ పోలీసు అధికారిని చూశారుగా? భరత్ రెడ్డి! సినిమా 2009లో వచ్చింది. ఆయన అసలు పని? గుండె డాక్టరు! తెర మీద మన గుండెలు దడదడలాడించి, ఆసుపత్రిలో వాటిని చక్కబెట్టే మనిషి!

కేరళ నుంచి ఐశ్వర్య లక్ష్మి. 2017లో ఎంబీబీఎస్ పూర్తి, అదే ఏడాది తొలి సినిమా! తెలుగులో "అమ్ము"గా మనల్ని ఏడిపించింది ఆమే.

కాశీ నుంచి వినీత్ కుమార్ సింగ్. ఆయుర్వేదంలో ఎండీ! 2018లో "ముక్కాబాజ్" కోసం నిజం బాక్సర్ల మధ్య నెలల తరబడి సాధన చేశాడు. ఆ కథ కూడా చెల్లెలితో కలిసి తనే రాసుకున్నాడు! దెబ్బలకు మందు తెలిసినవాడే వెళ్లి దెబ్బలు తిన్నాడు!

ఇక పుణె! అక్కడి బి.జె. మెడికల్ కాలేజీ రంగస్థలానికి ఇద్దరు మహానటుల్ని ఇచ్చింది. ఒకరు శ్రీరామ్ లాగూ. చెవి, ముక్కు, గొంతు సర్జన్! ఆఫ్రికాలోని టాంజానియాలో కూడా పనిచేశాడు. కత్తి పక్కన పెట్టి పూర్తిగా నటుడయ్యేనాటికి వయసెంత? 42! మనవాళ్లు ఆ వయసులో పిల్లల కాలేజీ సీట్ల గురించి ఆలోచిస్తారు. ఆయన కొత్త జీవితం మొదలుపెట్టాడు!

మరుసటి ఏడాదే "నటసామ్రాట్"! 1970! మరాఠీ రంగస్థలం మీద ముసలి నటుడి పాత్ర. పేజీలకు పేజీల స్వగతాలు. అందరి గొంతులూ బాగుచేసిన డాక్టరు తన గొంతును అరగదీసి ఆడాడు! "గాంధీ" సినిమాలో గోఖలే కూడా ఆయనే. ఈసారి చూసినప్పుడు గుర్తుపట్టండి!

రెండో ఆయన మోహన్ అగాషే. మానసిక వైద్యుడు, ప్రొఫెసర్! 1972లో "ఘాసీరామ్ కోత్వాల్" నాటకంలో నానా ఫడ్నవీస్. దేశాలు తిరిగిన నాటకం! విశేషం ఏమిటంటే ఈయన లాగూలా వైద్యాన్ని వదల్లేదు. రెండూ మోశాడు. చాలా ఏళ్లకు "అస్తు" సినిమాలో మతిమరుపు జబ్బు వచ్చిన సంస్కృత పండితుడిగా చేశాడు. మనసుల డాక్టరు మనసు చెదిరిన మనిషిగా! దొరికితే తప్పకుండా చూడండి!

సముద్రం దాటుదాం! కెన్ జియాంగ్ తెలుసా? "హ్యాంగోవర్" సినిమాలో కారు డిక్కీలోంచి దూకే మనిషి! ఆయన నిజం డాక్టరు. 2018లో అమెరికాలోని ఫీనిక్స్‌లో స్టేజీ మీద జోకులు చెబుతున్నాడు. ప్రేక్షకుల్లో ఒకావిడకు ఫిట్స్ వచ్చాయి. స్టేజీ దిగి పరుగెత్తాడు! ఆమెను చూసుకున్నాడు. అంబులెన్స్ వచ్చాక మళ్లీ స్టేజీ ఎక్కాడు!

బ్రిటన్‌లో మాంటీ పైథాన్ హాస్య బృందం. వాళ్లలో గ్రాహమ్ చాప్‌మన్ డాక్టరు! 1978లో ట్యునీషియా గడ్డ మీద "లైఫ్ ఆఫ్ బ్రయాన్" షూటింగ్. హీరో ఆయనే. షాట్ అయిపోగానే యూనిట్ వాళ్లకు వైద్యం చేసిందీ ఆయనే!

ఇప్పుడు కాస్త నెమ్మదిగా చదవండి. ఇది చెప్పాలంటే నాకు గొంతు పట్టేస్తుంది. కంబోడియాలో హైంగ్ ఎస్. ఙోర్ అనే స్త్రీల డాక్టరు ఉండేవాడు. 1975లో ఖ్మేర్ రూజ్ పాలన వచ్చింది. చదువుకున్నవాడు కనిపిస్తే చంపేసే రోజులు! డాక్టరని తెలిస్తే ప్రాణం పోయినట్టే. అందుకే కళ్లజోడు తీసేశాడు. టాక్సీ డ్రైవర్నని చెప్పాడు. రోజూ, ప్రతి నిమిషం, ఆ పాత్రలోనే ఉన్నాడు! ఏ స్టేజీ లేదు. ఏ చప్పట్లూ లేవు.

ఆ రోజుల్లోనే భార్యకు పురిటి నొప్పులు వచ్చాయి. ఆ కష్టం ఏమిటో ఆయనకు తెలుసు. ఆపరేషన్ చేయడం ఆయన వృత్తి. కానీ కత్తి లేదు, మందు లేదు. ఏం చేసినా తాను డాక్టరని తేలిపోతుంది. అందరి ప్రాణాలూ పోతాయి. భార్య, బిడ్డ ఇద్దరూ ఆయన కళ్ల ముందే పోయారు. ఒక్క మాట కూడా పైకి అనలేని మౌనం!

ఎలాగో బతికి అమెరికా చేరాడు. "ది కిల్లింగ్ ఫీల్డ్స్" సినిమాలో వేషం వచ్చింది. అంతకు ముందు ఎన్నడూ కెమెరా ముందు నిలబడింది లేదు. ఆ తొలి సినిమాకే 1985లో ఆస్కార్! ఉత్తమ సహాయ నటుడు! నేను పోగేసిన కబుర్లన్నిట్లోకీ ఇదే పెద్దది. దీని ముందు మిగతావన్నీ చిన్నవే!

మళ్లీ మన ప్లాట్‌ఫారానికి వచ్చేద్దాం. మయూర్ విహార్-1లో బ్లూ లైన్ రైలు ఆగేది 2009 నుంచి. పింక్ లైన్ వచ్చింది 2018 ఆఖరి రోజున. అంటే డిసెంబర్ 31న! ఈ రెండు రైళ్లూ రాకముందు ఇక్కడివాళ్లు డ్యూటీ ముగించుకుని నాటకానికి వెళ్లాలంటే నిజాముద్దీన్ వంతెన మీద బస్సులో ఇరుక్కోవాల్సిందే. ఇప్పుడు రెండు రైళ్లూ ఒకే చోట!

మీకొక పని చెబుతాను, చేస్తారా? ఈసారి మీ డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు, చీటీ తీసుకున్నాక, ఒక్క మాట అడగండి: "కాలేజీలో నాటకం వేశారా సార్?" అని. "వేశాను" అంటే "మళ్లీ ఎప్పుడు వేస్తున్నారు?" అని వెంటనే అడిగేయండి! వేసిన రోజున ఇంటిల్లిపాదీ వెళ్లి ముందు వరుసలో కూర్చోండి. మయూర్ విహార్‌లో ఉంటే ఇంకా సులువు. మండీ హౌస్ 5వ స్టేషన్!